చెయ్యి తిరగడం

సిరిపురంలో నాలుగో అంతస్తు.
ఉపగ్రహం తీసిన ఊరు నా తెర మీద పరుచుకుని ఉంటుంది.
భీమిలి నుంచి గంగవరం దాకా
చుక్క చుక్క నొక్కుకుంటూ
తీరానికి గీత గియ్యడం నా ఉద్యోగం.
కెరటం ఒకచోట ఉండదు.
గీత మాత్రం ఉండాలంటారు.

పద్నాలుగేళ్లు.
డాల్ఫిన్స్ నోస్ మలుపుకి నూట ఎనభై నొక్కులు.
అక్కడే ఒక మధ్యాహ్నం
కుడి మణికట్టులో సన్నగా ఏదో పురి తెగింది.
ఆ తర్వాత ఉప్మా గరిటె,
స్కూటీ తాళం, జడకి రబ్బరు బాండు,
ఒక్కొక్కటే బరువెక్కుతూ వచ్చాయి.

మహారాణిపేట ఫిజియో
నా ముంజేతిని బల్ల మీద బోర్లించాడు, పక్కకి నిలబెట్టాడు.
"బోర్లిస్తే లోపలి ఎముకలు రెండూ మెలిపడతాయి.
ఎవరికో చెయ్యి అందిస్తున్నట్టు పట్టుకోండి."
రోజుకి తొమ్మిది గంటలు
ఎవరికి అందించను?

డాబాగార్డెన్స్‌లో కాండ్రేగుల సత్యారావు కొట్టు.
అద్దాల అరలో ఎలుకలు,
కొన్ని తోకలతో, కొన్ని తోకలు తెగి.
గులాబీ రంగుది సబ్బుబిళ్లలా జారింది.
ఆటల పిల్లలది పొట్టలో ఎర్రదీపంతో ఉరిమి చూసింది.
బంతి ఉన్నదానికి బొటనవేలు ఒప్పుకోలేదు.
అతను స్కేలు తీసి
మధ్యవేలి కొస నుంచి మణికట్టు ముడత దాకా కొలిచాడు.
గాజులవాడు కూడా నా చెయ్యి అంత శ్రద్ధగా చూడలేదు.
"మీడియం అమ్మా. రబ్బరు తొడుగుది వొద్దు,
మన ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా బంకైపోతాది.
సప్పుడు రానిది తీసుకోండి,
పక్క సీటోళ్లు దీవిస్తారు."

సొరచేప రెక్కలా నిలువుగా ఉన్నదొకటి చేతిలో పెట్టాడు.
వేళ్లు సర్దుకున్నాయి. నొప్పి సర్దుకోలేదు.
నా మొహం చూసి
"ఈ చేతికి సెలవియ్యాలి తల్లీ,
పుర్రచేతిది ఉందేటో సూస్తానుండండి" అని స్టూలెక్కాడు.
దిగాక పెట్టె మీద వేలు పెడితే
పోర్టు బొగ్గుపొడిలో గీత పడింది.
"తెప్పించమన్నాయన మరి రానేదు.
మూడేళ్లు. ఎవుళూ అడగనేదు."

నేనతనికి చెప్పలేదు,
అల్లిపురం బడిలో సన్యాసమ్మ టీచరు
స్కేలు అంచుతో కొట్టింది ఈ చేతినే అని.
పలక కుడికి మారింది. ముద్ద మారింది.
పెళ్లి రిజిస్టర్లో సంతకం కుడిదే.
దీనికి మిగిలింది టాటా చెప్పడమొకటే.
డబ్బులు ఎడంచేత్తోనే ఇచ్చానని తర్వాత తెలిసింది.
అతను కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

మినపగింజంత రిసీవరు పక్కన గుచ్చాను.
మొదటివారం బాణం
తాగి తూలుతూ ఆర్కే బీచ్ దాటి నీళ్లలో నడిచింది.
రుషికొండని రెండు ముక్కలు చేశాను.
"ఏటే, ఊరు ములిగిపోతంది!" అంది నూకరత్నం.
వేగం సగానికి తగ్గించాను.
అద్దం బల్ల మీద కదలనంటే
పాత కేలెండరు అట్ట వేశాను, కార్తీకమాసం పేజీ పైకి వచ్చేలా.
మణికట్టుని కాదు, మోచేతిని కదపడం నేర్చుకున్నాను
(రాత్రి పక్క మీద కూడా మోచెయ్యి కదిలిందట, మా ఆయన చెప్పాడు).
నడిమధ్యలో సెల్లు చచ్చిపోతే
గోడగడియారంలోది పీకి వేశాను.
ఆఫీసులో ఇంకా రెండూ ఇరవయ్యే.

ఇవాళ మళ్లీ ఆ మలుపు దగ్గరికొచ్చాను.
లైట్‌హౌస్ కింద రాళ్లు,
ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క నొక్కు, చప్పుడు లేకుండా.
చెయ్యి తిరిగిందనుకున్నాను.
సాయంత్రానికి రెండుచోట్ల ఎర్రచుక్క పెట్టి
పైనుంచి తిప్పి పంపారు.
సరిచేశాను,
ఎడంచేత్తోనే.

కుడిచెయ్యి పక్కన కూర్చుని
నూకరత్నం తెచ్చిన వేరుశెనక్కాయలు
మెల్లగా వొలుస్తోంది.