నుదుటి గీతలు

యాంగు బస్టాండు వెనక వీధిలో నాది కుట్టుమిషను కొట్టు.
ఇరవై ఆరేళ్ళుగా ఒకటే పని,
సిపాయిల టోపీల మీద గీతలు కుట్టడం.
కొత్తవాడికి ఒకటి.
కాస్త నిలదొక్కుకున్నాక రెండు.
ఇక్కడి చలికాలం దాటొస్తే మూడు.
ఇంకేం, ఇంటికి పోతాడనగా నాలుగు.
నుదుటి రాత ఎవరు రాస్తారో నాకు తెలీదు గాని
నుదుటి మీద గీత మాత్రం నేనే,
గీతకింత అని కూలి తీసుకుని.

ఫిబ్రవరిలో ఒక శనివారం
బస్సు దిగాల్సినవాళ్ళు దిగలేదు.
గేటు మూసేశారట.
సెలవుల్లేవు, ములాఖత్తుల్లేవు,
ఊళ్ళోకి అడుగే లేదు.
దక్షిణాన ఎక్కడో జబ్బు మొదలైందట.
మా వీధిలో దగ్గినవాడు లేడు.
గేటు లోపలా లేడనే అన్నారు.
అయినా
వాళ్ళని చూసి మాకు, మమ్మల్ని చూసి వాళ్ళకి భయం.

గేములాడే కొట్టులో ఖాళీ కుర్చీలు
వరసగా తెరలకేసి చూస్తున్నాయి.
కోడి వేపుడు హ్వాంగ్ నూనె మార్చడం మానేశాడు.
కొడుకుల్ని చూడొచ్చే అమ్మల కోసం
లాడ్జి ఆవిడ ఉతికి ఆరేసిన దుప్పట్లు
మళ్ళీ దుమ్ము పట్టి, మళ్ళీ ఉతుక్కుంది.
ఆ పిల్లల పేర్లు మాకు అట్టే తెలీవు.
వాళ్ళ శనివారాలు తెలుసు.

మార్చి చివర
సరుకుల లారీ నడిపే ప్యో అనే కుర్రాడు
కొట్టు ముందు ఆగాడు, దిగలేదు.
చీపురుకర్రకి సంచి తగిలించి కిటికీలోంచి చాచాడు.
లోపల ఒక టోపీ.
మందునీళ్ళు కొట్టీ కొట్టీ గుడ్డ మచ్చలు తేలింది.
చీటీలో డబ్బూ, ఒక్క ముక్కా:
"కప్ప కుట్టి పంపండి. సార్జెంట్ తక్ ఉయ్‌జూన్."

కప్ప అంటే కొలువు తీరినవాడి బిళ్ళ.
నీళ్ళు వదిలి గట్టెక్కాడని కాబోలు ఆ పేరు.

తక్.
ఎవరా అని చాలాసేపు ఆలోచించాను.
మొదటి గీతకి వచ్చినప్పుడు
తల కంటే టోపీ పెద్దది.
రెండోసారి, అడక్కుండానే
నా మిషను తొక్కుడుపలకకి నూనె వేసి కిర్రు మాన్పించాడు.
మూడోది వంకరగా ఉందని పోట్లాడాడు.
ఉంది కూడా.

టోపీ తిరగేస్తే
చెమట పట్టీ మీద బాల్‌పెన్నుతో
చీమల్లాంటి గీతలు. ఇరవై మూడు.
వాడుకోని సెలవు రోజులు.
సెలవు మిగిలినవాళ్ళు అటునుంచి అటే ఇంటికి పోవచ్చని,
తిరిగి రానక్కర్లేదని ఆర్డరొచ్చిందట.
వీడ్కోలు విందు లేదు. భుజం తట్టేవాడు లేడు.
ముందే వదిలారని సంతోషించాలో,
ఊరికే పంపేశారని నొచ్చుకోవాలో
వాడికైనా తెలిసిందో లేదో.
ఆ గీతలకి నేను కూలి అడగను.

నాలుగూ ఊడదీశాను.
కింద గుడ్డ ముదురాకుపచ్చగా,
ఎండ మొహం ఎరగనిది.
సూది బెజ్జాలు మాత్రం పోలేదు.
పచ్చ దారం సగంలో అయిపోయింది,
చున్‌చన్ పార్సెల్ ఇంకా రాలేదు.
ఓ పక్క అంచు లేత పచ్చతో ముగించాను.
ఈసారి పోట్లాడటానికి రాడు కదా అనుకున్నాను.

ఏప్రిల్లో బస్సు మా వీధిలోంచే పోయింది,
ఆగకుండా,
కిటికీలు బిగించుకుని, సీటు విడిచి సీటు.
పైన టోపీ, కింద మాస్కు, మధ్యలో కళ్ళు.
కత్తెర చేతిలోనే ఉంది, గుమ్మంలోకి పరిగెత్తాను.
లేత పచ్చ అంచు కోసం చూశాను.
ఆ వేగానికి అన్నీ ఒకటే పచ్చ.
ఒకడు చెయ్యెత్తాడు.
టోపీ సర్దుకున్నాడేమో.

వాడికివ్వాల్సిన చిల్లర
గల్లాపెట్టెలో విడిగా ఉంది.

సాయంత్రం ఆరు దాటాక ఫోను మోగింది,
లోపలివాళ్ళ చేతికి ఫోన్లిచ్చే వేళ.
కొత్త గొంతు.
"సెలవులు ఎప్పుడు తెరుస్తారో మీకేమైనా తెలుసా అమ్మా?"
నన్నా అడగడం!
"నీకెన్ని గీతలురా?" అన్నాను.
"ఒకటి."
"టోపీ లారీకిచ్చి పంపు.
రెండోది కుట్టి ఉంచుతాను."