మూడో నంబరు సీసా

రేపట్నుంచి ఈ తాళంచెవి వరప్రసూనది.
ఇంక్యుబేటరుది కాదు, దాని తాళం ఎప్పుడో పోయింది.
బీరువాది.

పై అరలో మూడో నంబరు సీసా.
ఒకప్పటి హార్లిక్స్ సీసా, మూతికి మల్లుగుడ్డ.
మీద నా చేతిరాత: పా.గుం. మర, 1991.
లోపల గోధుమపిండి, చిటికెడు ఈస్టు,
పిండిని లోపల్నుంచి కదిలించే
ఎర్రటి నలుసులు, నా వాళ్లు.

పాతగుంటూరులో మా నాన్న సైదాసాహెబుకి పిండిమర ఉండేది.
పొద్దున్నే బెల్టు ఎక్కిస్తే
మధ్యాహ్నానికి కనుబొమలు నెరిసిన ముసలివాడు,
నాలుగు చెంబులు పోసుకుంటే మళ్లీ నలభయ్యేళ్లవాడు.
ఎవరైనా డబ్బా మూత తీసి "పురుగుందయ్యా" అంటే
ఆ మొహం చూడాలి,
దొంగసొత్తు దొరికినట్టు.
కిలోకి కిలో కొత్త పిండి కొలిచి పంపి
రాత్రి బల్బు కింద ఒక్కడే జల్లెడ పట్టేవాడు.
జల్లెడలో మిగిలినవి నా అగ్గిపెట్టెలోకి.

ఆ జల్లెడ ఇప్పుడు ల్యాబులో ఉంది.
ఆయన పురుగు పోవాలని జల్లించాడు.
నేను పురుగు దొరకాలని.
చేతుల ఊపు ఒకటే.

గుడ్డులో ఈగ ఒళ్లు కట్టుకునే తీరు వేరు.
చీరంతా పరిచి కుచ్చిళ్ల గుర్తులు పెట్టినట్టు
ఒక్కసారే గీతలు గీసుకుంటుంది.
మా పిండిపురుగు అలా కాదు.
ముందు తల.
ఆ తర్వాత ఒక్కో కణుపు,
చాప అల్లే మనిషి వెనక్కి జరుగుతూ
ఒక్కో వరస బిగించినట్టు.
ఇది చూడ్డానికి పదకొండేళ్లు పట్టింది.
ఈగకంటే పాత అల్లిక ఇది అని రాసి పంపితే
వెనక్కొచ్చింది.
మళ్లీ రాశాను. మళ్లీ వచ్చింది.

నాన్న ల్యాబుకి ఒక్కసారే వచ్చాడు.
"చంపే మందు కనిపెట్టడానికా?"
"కాదు నాన్నా. ఎలా తయారవుద్దో తెలుసుకోడానికి."
ఒక జన్యువు నోరు నొక్కితే
మెత్తని రెక్క రావాల్సినచోట
ఇంకో డొప్ప వచ్చింది, చూడమన్నాను.
నాలుగు డొప్పల పురుగు. ఎగరలేదు.
చాలాసేపు మైక్రోస్కోపు మీద వంగి,
"అంటే ఒక బోల్టు తీసేసి
ఏం ఆగిందో చూస్తన్నావు" అన్నాడు.
నా గైడు కూడా ఇంత సూటిగా చెప్పలేదు.
పోతూ పోతూ, "సీసా మూత సరిగ్గా పెట్టు" అన్నాడు.

అన్నీ ఇలా ముగియవు.
మిరపకి నల్లతామర వచ్చిన ఏడు
పెదనందిపాడు నుంచి యోహాను అనే కౌలురైతు
పాలిథిన్ కవరు నిండా పూలు తెచ్చాడు.
పువ్వుకి ఇరవై, ముప్పై, సూదిమొనంత పురుగులు.
నేను రెక్క చూశాను.
రెక్క కాదది, దువ్వెన,
సన్నటి కాడకి రెండువైపులా వెంట్రుకలు.
అంత చిన్న ఒంటికి గాలి చిక్కటి పాకం,
ఎగరడమంటే ఈదడమే.
ఎంత అందమో చెప్పబోయాను.

"మందేంటమ్మా?"

లాంఫారం వాళ్లని అడగమన్నాను.
అడిగే వచ్చాడట.
కవరు బల్ల మీదే వదిలేసి వెళ్లాడు.
ఆ రాత్రి వెంట్రుకలు లెక్కపెట్టాను.
లెక్క నోటుబుక్కులో ఉంది.
అతని మొహం ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

మరని పోయిన పుష్కరాలప్పుడు అమ్మేశాం.
ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్ల కొట్టు.
తిరగలిరాళ్లు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు.
ఆ మర దుమ్ములో పుట్టినవాటి సంతతి మాత్రం
మూడొందల తరాలుగా ఈ సీసాలో.
మే నెలలో కరెంటు పోయి మనుషులం సొమ్మసిల్లితే
అవి తీరిగ్గా గుడ్లు పెట్టాయి.
గుంటూరే వాటికి ఇంక్యుబేటరు.

వరప్రసూనా,
నెలకోసారి పిండి మార్చు.
మరపట్టిన పిండే వాడు, ప్యాకెట్టుది వద్దు.
జల్లెడ కడగొద్దు, దులిపితే చాలు.
యోహాను మళ్లీ వస్తే కూర్చోబెట్టు,
ముందు అతను చెప్పింది రాసుకో,
రెక్కల సంగతి తర్వాత.
ఇవన్నీ ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే,
జవాబొకటి రాసిపెట్టి పోదామనుకున్నాను,
కుదరలేదు.

మూత సరిగ్గా పెట్టు.