డ్రయర్‌లో పదకొండు నిమిషాలు

ఇవాళ బుధవారం. ఫలితాలు ఇవాళే అన్నారు.
ఎన్నింటికో ఎవరూ అనలేదు.
సైన్యం తారీఖు చెబుతుంది,
గడియారం తన దగ్గరే ఉంచుకుంటుంది.

టొలీడోలో మంచు ఇంకా పడలేదు.
పడనా వద్దా అని నది మీద తచ్చాడుతోంది.
చీకటితోనే స్కూలు బస్సు తోలి వచ్చాను.
నలభై ఇద్దరు పిల్లలు దిగిపోయాక
చివరి సీటు కింద ఒక ఉన్ని గ్లౌజు దొరికింది,
ఎడమ చేతిది.

ఇప్పుడు లాండ్రీలో, కొరిన్ పక్కన.
ఒళ్ళో ఆమె ఫోను బోర్లా పడుకుని ఉంది,
జ్వరం దిగీ దిగని పిల్లలాగా.
మత్తు వైద్యం కావాలని రాసింది మొదటి కోరికగా.
మనుషుల్ని నిద్రపుచ్చి
మళ్ళీ భద్రంగా లేపే విద్య.
పది రాత్రులుగా
ఆమెను నిద్రపుచ్చే విద్య నాకే రావడం లేదు.

పద్దు పుస్తకం నా దగ్గరుంటుంది.
ఒకటో తారీఖున స్టైపెండు, పదిహేనున మళ్ళీ.
మధ్య రోజులు పలకలూడిన వంతెన,
ఎక్కడ అడుగు వేయకూడదో కాళ్ళకే తెలుసు.
వేసవిలో నలభై అయిదు రోజులు
ఆమె మచ్చల యూనిఫాం వేసుకుంటే
పూర్తి లెఫ్టినెంటు జీతం వచ్చింది.
ఇల్కా పంటికి సగం, కారు టైర్లకి సగం.
రెండు టైర్లే మార్చాం.
మిగతా రెండూ దేవుడి దయ మీద తిరుగుతున్నాయి.

శాన్ ఆంటోనియో వెళ్ళొచ్చిన విమానం
క్రెడిట్ కార్డు మీద ఇంకా దిగలేదు.
సైన్యం ఒకవేళ బయట చదువుకోమంటే? అందుకని
పౌర ఆసుపత్రులకీ దరఖాస్తులు పెట్టాం.
తెరుస్తారో లేదో తెలియని తలుపుకి
ముందే చెల్లించిన తాళం ఖర్చు.

"చదువు ఉచితమే కదా, ఉద్యోగం ఖాయమే కదా,
మరి మీకు దిగులేంటి?" అంటుంది
పక్కింటి మిసెస్ టోర్మా, ప్లం కేకు పళ్ళెం చాపుతూ.
అవును, ఉచితమే.
నాలుగేళ్ళ చదువుకి నాలుగేళ్ళ కొరిన్.
చిల్లర తిరిగి రాని బేరం.
ఆ మాట అనలేదు. కేకు తిన్నాను. బాగుంది.

మేలో స్టైపెండు ఆగుతుంది.
తొలి జీతం జూలై నడిమికి గానీ రాదు.
ఆ సందుని పెన్సిల్‌తో రాశాను,
పెన్నుతో రాయడానికి చెయ్యి రాలేదు.

ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు
ఊరే తేలలేదు, అప్పుడే అద్దెలు చూస్తున్నాం.
నిన్న రాత్రి ఇల్కా పడుకున్నాక
నాలుగు ఊళ్ళు నాలుగు వరసల్లో రాసుకున్నాం.
టకోమా. ఎల్ పాసో. శాన్ ఆంటోనియో.
హొనొలులు వరస దగ్గర ఇద్దరం పగలబడి నవ్వాం.
నవ్వు ఆగిన చోట కొరిన్ మెల్లగా అంది:
"ఒక్క ఏడాది నేర్పి
బెటాలియన్ డాక్టరుగా పంపేస్తే?"
నేను హొనొలులు మీద గీత కొట్టాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఫోను మోగింది.
మోగలేదు నిజానికి, ఒకసారి ఒళ్ళో వణికింది.
కొరిన్ దాన్ని తిప్పలేదు.
డ్రయర్ మీద ఎర్ర అంకెలు చూసింది: పదకొండు.
"ఆరు పావలాలు వేశాం దీనికి," అంది,
"తిరగనీ."

గుండ్రటి అద్దం వెనక
ఆమె మచ్చల చొక్కా, ఇల్కా డైనోసార్ పైజమా
ఒకదాన్నొకటి తరుముతున్నాయి.
పట్టుకుని, పడి, విడిపోయి, మళ్ళీ.
ఆమె చెయ్యి నా కోటు జేబులోకి వచ్చింది
చలికో, చిల్లరకో.

ఏ ఊరివాళ్ళమూ కాని నిమిషాలివి.
ఇవి మాత్రం అప్పు కాదు.

జేబులో మా రెండు చేతుల మధ్య
ఆ ఎడమ చేతి గ్లౌజు.
రేపు పొద్దున
అది ఏ స్టాపులో దిగాలో నాకు తెలుసు.