ఠ కడుపులో చుక్క

రాష్ట్రం మారడానికి మాకు
రెండు ఆటో ట్రిప్పులూ ఒక రిక్షా బండీ సరిపోయాయి.
మొదటి దాంట్లో మంచం, బియ్యం డబ్బా, దండపాణి.
రెండో దాంట్లో గ్యాసు బండ, అద్దం,
డాల్డా డబ్బాలో కరివేపాకు మొక్క.
కుట్టుమిషను మాత్రం రిక్షా మీద.
పక్కనే నేను,
మహేంద్రతనయ వంతెన దాటేదాకా
చక్రం దానంతటది తిరిగిపోకుండా
చేత్తో పట్టుకుని నడిచాను.

పర్లాకిమిడిలో అద్దె మూడువేల ఆరొందలు.
పాతపట్నంలో పద్దెనిమిదొందలు.
మిగిలిన సగం అతని మోకాళ్ళకి.
నలభై ఏడేళ్ళకి ఊరు మారింది
ఆశ ఉండి కాదు,
లెక్క కుదిరి.

"దేశాంతరం పోతున్నావే" అని
మా అక్క ఫోన్లో ఏడ్చింది.
అరగంట నడిస్తే వచ్చే ఇంటికి
ఇంతవరకూ రాలేదు.

"ఏ దేశమమ్మా మీది?" అంది పక్కింటి ఎర్రయ్యమ్మ.
అదిగో, ఆ నీళ్ళ టాంకీ కనబడతంది సూడు,
దాని కిందే, అన్నాను.
ఇద్దరం నవ్వాం.
నా నవ్వే ముందు ఆగింది.
గ్లాసుతో పుల్లటి నీళ్ళిచ్చింది.
పొఖాళొ, అన్నాను గుటక వేసి.
"అదేటి మాటమ్మా, తరవాణి."
సర్లే, తరవాణే.

కార్డు మార్పుకి సచివాలయానికి వెళ్ళాను.
నా మిషను కంటే వయసులో చిన్నది ఆ పిల్ల.
సంతకం చెయ్యమంది, చేశాను.
కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"ఇది ఏ రాతండీ?" అంది,
వెటకారం లేదు, పాపం, నిజంగానే అడిగింది.
"పోనీ, వేలిముద్ర వేసెయ్యండి."

ఏడో తరగతిలో
దస్తూరికి స్టీలు గిన్నె గెలిచినదాన్ని.
ఆ గిన్నెలోనే ఇప్పటికీ బొత్తాలు పోసుకుంటాను.
వేలు సిరాకి అద్దాను.
ఇంటికొచ్చి సబ్బుతో రుద్దితే పోయింది.
పోయాక
ఇంకోసారి రుద్దాను.

అమ్మ తిట్టింది తెలుగులోనే.
నాన్న ఆఖరికి నీళ్ళడిగింది తెలుగులోనే.
దండపాణితో నా పోట్లాటలన్నీ తెలుగువే.
బడి ఒక్కటే ఒడియా.
నోటినిండా ఉన్న భాష
కంటికి మాత్రం కొత్త చుట్టం.

బస్టాండు దగ్గర జాకెట్ల గుడ్డ కొనడానికెళ్ళి
బోర్డుల ముందు నిలబడ్డాను.
కండక్టరు టెక్కలీ, టెక్కలీ అని అరుస్తాడు,
నేను అరుపుని అక్షరం మీద పెట్టి కొలుస్తాను.
మెళియాపుట్టి పొడుగు, చెయ్యి కుట్టినట్టు.
మా అక్షరాలకి నెత్తిన గొడుగు ఉండేది.
వీటికి తలకట్టు,
రవిక హుక్కంత.
ఎదురుగా బడి గోడ మీద ఒకటి దొరికింది.
మాకు అది వట్టి సున్న,
ఇక్కడ దాని కడుపులో ఒక చుక్క.
బొత్తాం కుట్టేసినట్టే ఉంది.
ఠ.
అంత పెద్దగా అనేశానేమో,
అరటిపళ్ళ బండివాడు వెనక్కి చూశాడు.

తలుపు మీద సుద్దముక్కతో రాశాను,
ఇచట జాకెట్లు కుటబడును.
ఎర్రయ్యమ్మ మనవడు బడినుంచి వస్తూ ఆగి
"పిన్నీ, కింద కుట్టు మర్చిపోయావు" అని
బొగ్గుతో ట కి వత్తు పెట్టాడు.
తెల్ల సుద్దలో నల్ల వత్తు.
అలాగే ఉంచాను.
ఆ వారం నాలుగు జాకెట్లు వచ్చాయి,
ఒకటి అప్పు.

నిన్న కార్డు వచ్చింది.
దండపాణికి చూపించకుండా
వాకిట్లో నిలబడి
ఒక్కో అక్షరం విప్పుకున్నాను,
పాత జాకెట్టు కుట్లు విప్పినట్టు, గుడ్డ చిరక్కుండా.
సు. బా. సి. ని.
తప్పు.
నా పేరు తప్పు వేశారు!
కనిపెట్టింది నేనే,
ఎవరూ చదివి చెప్పలేదు.
లోపలికెళ్ళి అతన్ని నిద్రలేపి మరీ చెప్పాను.
"దానికి అంత సంబరమేటే" అన్నాడు.

సోమవారం మళ్ళీ వెళ్ళాలి, దిద్దించుకోవాలి.
సంతకం అడుగుతారు.
గొడుగుతో పెట్టాలో, హుక్కుతో పెట్టాలో
ఇంకా అనుకోలేదు.