ముక్కల ధర

గేటుకి వేలాడే రేకు మీద రెండు భాషల్లో రాసి ఉంది,
పైన ఒడియాలో, కింద తెలుగులో:
ఇల్లు అమ్మబడును. ముప్పై ఎనిమిది లక్షలు.
బేరగాళ్ళు రావద్దు.
చదువు రానివాడిలా లోపలికి నడిచాను.

బరంపురం, పెద్ద బజారు వెనక సందు.
ఇంగువ వాసన గోడలకి సున్నంలా పట్టింది.
గొళ్ళెం తీసింది తవిటమ్మ.

నేను ఇల్లు చూడను, ఇంటికయ్యే ఖర్చు చూస్తాను.
దూలం తట్టాను: చెద, డెబ్బై వేలు.
నైరుతి గోడలో వేలు దూరే పగులు: లక్షా పది.
ఫైలిన్ ఎగరేసుకుపోయిన వంటింటి కప్పు మీద
పదేళ్ళుగా నీలం టార్పాలిన్: రెండున్నర.
నూతికి గిలక లేదు.
కరెంటు తీగలు ఎటు పోతున్నాయో ఎలకలకే ఎరుక.
జేబు డైరీలో పెన్సిల్‌తో కూడి,
సాహు బాబుకి మిగలాల్సింది తీసి,
నాకు మిగలాల్సిన లక్షన్నర
ఎవరికీ కనిపించని గడిలో దాచి,
"ఇరవై ఒకటి" అన్నాను.
"రొక్కం. ఉన్నదున్నట్టు.
రేపే బయానా, నలభై ఐదు రోజుల్లో రిజిస్ట్రీ."

నవ్వలేదు, తిట్టనూ లేదు.
డాబా మీదకి పద, అంది.

పైన చాపల నిండా అప్పడాలు.
వందల చంద్రుళ్ళు అనబోయి ఆగాను.
అవి అప్పడాలే,
మినప్పిండి, మిరియం, ఆమె మణికట్టు.

"హోల్‌సేలు నాకు చెప్తావేటి బాబూ?
ముప్పై ఏళ్ళు కొట్లకి కట్టలు కట్టినాను.
గుండ్రంగా ఉన్నవి లెక్కకి, విరిగినవి తూకానికి.
నా ఇల్లు నువ్వు తూకానికి అడుగుతున్నావు.
అడుగు, తప్పు లేదు, విరిగిందే.
మరి ఈ ఎండకి ఎంత కట్టావు?
పొద్దున్న ఏడు నుంచి నాలుగు దాకా
ఏ మేడా అడ్డం రాని ఎండ,
నీ పుస్తకంలో ఏ వరసలో ఉంది?"

డైరీ తిరగేశాను. లేదు.
సాహు బాబు ఇక్కడ నాలుగంతస్తులు లేపుతాడు.
ఈ ఎండ ఆయన పై అంతస్తుది.
దాని రేటు నాకు తెలుసు.
ఆమెకీ తెలుసని అప్పుడే తెలిసింది.

"కొనేది నువ్వు కాదు కదా?"
కాదన్నాను. ఈ పనిలోకి వచ్చాక
ఆ మాట అనడం అదే మొదలు.
"నువ్వుండే ఇల్లు నీదేనా?"
"అద్దె. గేట్ బజార్లో. వంటింట్లో కారుతుంది."
"బాగుచెయ్యడానికి ఎంతవుద్ది?"
ఎప్పుడూ లెక్క కట్టలేదు.

మెట్లు దిగేటప్పుడు ఒక పొట్లం చేతిలో పెట్టింది,
విరిగినవి.
"ఇరవై ఒక్క రూపాయలు," అంది,
"రొక్కం. ఉన్నదున్నట్టు."

రాత్రి మూకుట్లో వేశాను.
గోరంత ముక్క నూనె తగలగానే
వంకర తిరిగి, బుసబుసా పొంగి,
చట్రం అంచు దాటింది.

ఫోన్ మోగింది. సాహు బాబు.
"కేతే?" అన్నాడు.
ఎంత అని అడగడానికి ఆ భాషలోనూ రెండక్షరాలే.
నోట్లో ముక్క కరకరమంటోంది,
నమిలేదాకా ఆగమన్నాను.