ఎంగిలి

తారంతో రేవులో పడవల మోటార్లు ఆగాక
మ్యూజియం నేలమాళిగలో ఎర్సీలియా ఒక్కతే.
దీపం మెడ వంచి
మధుపాత్ర లోపలికి చూస్తోంది.

పదకొండు పెంకులు. పన్నెండోది దొరకలేదు.
పిడి ఒకటి, ఎవరో ఎప్పుడో మైనంతో అతికించి వదిలేశారు.
పాత రిజిస్టరులో ఒక్క ముక్క:
'విందులో భర్త, భార్య. సామాన్యమైన పని.'

సామాన్యమే.
నల్లటి నేల మీద ఎర్రమట్టి మనుషులు,
ఒకే పరుపు, ఒకే దిండు.
భర్తకి గడ్డం. భార్యకి మేలిముసుగు, తెల్లటి చెంప.
భార్య చెయ్యి మాత్రం
తెడ్లు వేసిన చెయ్యిలా ఉంది.
మణికట్టు దగ్గర ఒక నరం,
ఒక్క వెంట్రుక కుంచెతో లాగిన నరం.

ఆమెకి ఆ చెయ్యి నచ్చలేదు.
అంటే, చెయ్యి నచ్చింది.
ముసుగే నచ్చలేదు.

అల్మారాలో మందులున్నాయి,
మూత తీస్తే ముక్కు మండేవి.
కానీ పని నేర్పిన ముసలావిడ చెప్పేది:
ముందు నీ నోట్లో ఉన్నదే వాడు.
పుల్లకి దూది చుట్టి, నాలిక మీద తడిపి,
మినపగింజంత మేర, గుండ్రంగా.

ఎంగిలి.
మన భాషలో ఆ మాట చుట్టూ ఎన్ని గోడలు!
పెదవి తగలకుండా గ్లాసు పైకెత్తి
గొంతులో పోసుకోవడం నేర్చినవాళ్ళం.
ఇదేమో పెదవులు తగలడానికే చేసిన పాత్ర.
ఒకడు తాగి, తిప్పి,
తన తడి ఆరకముందే పక్కవాడికిస్తాడు.
అడుగున ఉన్న బొమ్మ
చివరి గుక్క తాగినవాడికే కనపడుతుంది.

మూడో దూదికి ముసుగు కరిగింది.
ఐదో దూదికి చెంప.
చెంప కింద
గడ్డం.

నలభై ఏళ్ళ గడ్డం, చుక్కలు చుక్కలుగా.
ఇద్దరూ ఒక ఈడువాళ్ళే.
ఒకడు తల వెనక్కి వాల్చి పాడుతున్నాడు,
నోట్లోంచి రెండు మూడు అక్షరాలు జారుతున్నాయి.
రెండోవాడు చెవులతో వినడం మానేసి
పాడేవాడి మెడ మీద చెయ్యి వేసి
గొంతు కదలడాన్ని వేళ్ళతో వింటున్నాడు.

ఎర్సీలియాకి కోపం రావాలి.
నూట నలభై ఏళ్ళ కిందట
పాత్రను కొన్న ప్రభువు మాట మీద
సావేరియో అనే పనివాడు
ఒక మగవాణ్ణి ఇల్లాలిని చేశాడు.

వచ్చింది కూడా.
తర్వాత దూది వైపు చూసింది.
నూనెరంగు కాదు.
నూనె అయితే ఉలికి కూడా లొంగేది కాదు.
తుమ్మజిగురులో కలిపిన రంగు.
దాని కింద పల్చగా లక్కపూత,
పాత గీతకి గీటు కూడా పడకుండా.
తడి తగిలితే పోతుందని తెలిసినవాడి పని.
ముసుగు వేశాడు గాని
ముడి వెయ్యలేదు.

రిజిస్టరులో కూలి ఉంది, పన్నెండు లీరాలు. సంతకం ఉంది.
ఎవరి కోసం దాచాడో లేదు.
ఆయన సాయంత్రాలు ఎవరి పక్కన చల్లబడ్డాయో లేదు.

ఎర్సీలియాకి తన అద్దె కాగితం గుర్తొచ్చింది.
'ఇద్దరు, వరసకి అక్కచెల్లెళ్ళు.'
తొమ్మిదేళ్ళుగా అదే.
అది కూడా జిగురురంగే.

రేవు గోడ మీద నీవెస్ కూర్చుని ఉంది,
కాగితం పొట్లంలో ఆల్చిప్పలు, సగం నిమ్మకాయ,
ఒకే సీసా.
ఆలస్యం గురించి ఏమీ అనలేదు.
వేలి కొన పట్టుకుని చూసి,
"ఎవరిదే ఈ తెలుపు?" అంది.

"ఎవరిదీ కాదు."

సీసా నోటికి ఆనించి తాగింది.
తుడవకుండా అందించింది.