అడుగు

మూడు నెలలకోసారి హెలికాప్టర్లో వస్తుంది యువానా.
ఆరోగ్య కేంద్రంలో ఆమెకంటూ గది లేదు,
పళ్ళ డాక్టరు గదిలోనే కూర్చుంటుంది.
ఆ వాలు కుర్చీలో నన్ను పడుకోమనదు.
పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు చూపిస్తుంది.
"కలలేమైనా?" అంటుంది,
నా షాపులో నేను "ముందా, వెనకా?" అన్నంత మామూలుగా.

ఉమ్మన్నాక్‌లో, కొండ కింద పచ్చ ఇంటి ముందు గది నా షాపు.
ముప్ఫై ఏళ్ళుగా ఈ దీవి తలలన్నీ నా చేతిలోవే.
ఎవరి మాడు మీద ఏ మచ్చ,
ఎవరి భర్త తాగొచ్చిన రాత్రి ఎన్ని వెంట్రుకలు,
దువ్వెనకి తెలుసు. చెప్పదు.

కల ఒకటే.
నా మొగుడు చేపలకోసం మంచులో తొలిచిన కన్నం.
అందులోంచి గాలాల తాడు దిగుతూ ఉంటుంది,
దిగి, దిగి, ఎనిమిది వందల మీటర్ల చివర
ఎరకి బదులు నేను.
చలి వేయదు. భయం దానికే.
కింద ఒక ఆడమనిషి, వీపు నావైపు.
జుట్టంటే జుట్టా అది!
సీళ్ళు, తిమింగలాలు, బీరు డబ్బాలు, ఒక బొమ్మ చెయ్యి,
ఊరు ఊరంతా మింగేసిన మాటలు,
అన్నీ ఆ జడలు కట్టిన చీకట్లో చిక్కుకుని.

సస్సుమా అర్నా. సముద్రపు తల్లి.
అమ్మమ్మ చెప్పేది:
తండ్రే పడవలోంచి తోశాడు,
అంచు పట్టుకుంటే వేళ్ళు నరికాడు.
ఒక్కో కణుపూ ఒక్కో జంతువై ఈదిపోయింది.
వేళ్ళు లేని మనిషి తలెలా దువ్వుకుంటుంది?
మన తప్పులు పేలలా ఆ తలలో పడతాయి.
కోపమొచ్చి వేట జంతువుల్ని దాచేస్తుంది, ఊరికి ఆకలి.
అప్పుడెవరో మంత్రం తెలిసినవాడు, డప్పు మోతలో,
కిందికి దిగి, దువ్వి రావాలి.
ఇది చెబుతూనే నా చిక్కు లాగేది అమ్మమ్మ.
ఏడిస్తే, "ఆమెకింకా నొప్పే" అనేది.

యువానా ఏమీ రాసుకోదు. థర్మోస్ మూత తిప్పుతూ వింటుంది.
"మొహం చూశావా?"
లేదు.
"ఎందుకొచ్చావంటుందా?"
ఏమీ అనదు.
"అడుగు."

అడుగు.
లోతుకి చివర ఉండేదీ అదే,
కాలు కదిపితే పడేదీ అదే,
నోరు తెరవడమూ అదే.

ఆ రాత్రి రాలేదు, ఆ వారమూ రాలేదు.
కల మా కుక్కలాంటిది కాదు, ఈల వేస్తే రావడానికి.
మార్చిలో, బండి కుక్కలన్నీ ఒక్కసారిగా అరుపు ఆపేసిన తెల్లవారుజామున
దిగాను.
అడిగాను.
తిరగలేదు. మెడ మాత్రం కాస్త వంచింది,
షాపులో ఆడవాళ్ళు వంచినట్టే.
మెడ మీద పుట్టుమచ్చ.
నాకు తెలిసిన పుట్టుమచ్చ.

చేపల ఫ్యాక్టరీ చలికి వేళ్ళు వంకర్లు పోయాక
అమ్మ అడిగింది, ఆస్పత్రిలో: కాస్త తల దువ్వవే.
ఊరందరి తలలూ దువ్వి వచ్చాను, రేపు అన్నాను.
అలసట అబద్ధం.
నాకు ఏడేళ్ళప్పుడు, డెన్మార్క్ బడికి పంపే ఓడ దగ్గర
నేను రేవు కమ్మీ పట్టుకుంటే
విడదీసింది ఆ చేతులే,
ఒక్కో వేలూ, ఒక్కో వేలూ.
ఏడాదికి తిరిగొచ్చాను. అమ్మ మాట్లాడింది.
నాకు అర్థం కాలేదు.

మరి నీళ్ళ కింద కూర్చున్నదెవరు?
తోసినామా? మునిగిన పిల్లా?
రెండు తలలకీ జుట్టు ఒకటే అయితే
ఎక్కడ పాపిట తీయను?

ఈసారి యువానా రాలేదు. పొగమంచు, హెలికాప్టర్ లేదు.
షాపు తెరిచాను.
హెండ్రీనా ముసలమ్మ వచ్చి కూర్చుంది,
"నెమ్మదే, నొప్పి" అంది.
చిక్కు ఎప్పుడూ కొసల్లోంచే తీయాలి,
వేలెడు, వేలెడు, లోపలికి.
కుదుళ్ళ దగ్గర కాసేపు ఆగాను.
ఆమె నిద్రపోయింది.

సాయంత్రం నా మొగుడు స్లెడ్జి మీంచి తాడు దించుకుంటుంటే
ఎన్ని పడ్డాయని
అడగలేదు.